మొద్దు అనే ముందు

ఒరేయ్ సుబ్బూ,

నీ మెసేజ్ చదివాక ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఫోన్లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ రాత్రి పదకొండు దాటింది. బయట మంచు పడుతోంది. అమ్మ పంపిన కందిపొడి వేసుకుని రెండు ముద్దలు తిని కూర్చున్నాను. అత్తయ్య మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయలేదు నువ్వు. ఈసారి రాయి.

మీ బడిలో ఆరో తరగతి పిల్లాడి గురించి నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. డిక్టేషన్‌లో 'పుస్తకం' అంటే 'పుసకం' అని, 'అమ్మ' అంటే 'అమ' అని రాస్తాడు. వ, ప, ష మూడూ వాడికి ఒకటే. బోర్డు మీద వాక్యం చదవమంటే తల దించుకుని నిలబడతాడు. కానీ టిక్కీ బస్తాకి 40 కిలోల లెక్కన 10 టిక్కీల మిరపకాయలు, క్వింటా 14,000 అయితే మొత్తం ఎంతరా అంటే, నువ్వు కాగితం తీసేలోపు 56,000 అని చెప్పేస్తాడు. స్టాఫ్ రూమ్‌లో అందరూ 'వాడు మొద్దు సార్, వదిలెయ్యండి' అంటున్నారు, నువ్వేమంటావ్ అని అడిగావు.

చూడకుండా నేనేమీ అననురా. ఈ మూడేళ్లలో నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే. కానీ ఒక్కటి చెబుతాను. నువ్వు అడిగిన ప్రశ్నే 1896 మార్చిలో ఫిలడెల్ఫియాలో ఒక బడి పంతులమ్మ అడిగింది. నేనిప్పుడు ఇక్కడ అమెరికాలో చదువుతున్న క్లినికల్ సైకాలజీ పుట్టింది ఆ ప్రశ్నలోంచే.

ఆవిడ పేరు మార్గరెట్ మగ్వైర్. ఒక పక్క బడిలో పాఠాలు చెబుతూ, ఇంకో పక్క పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లైట్నర్ విట్మర్ అనే ప్రొఫెసర్ క్లాసులకి వెళ్లేది. ఆవిడ దగ్గర పద్నాలుగేళ్ల పిల్లాడు ఒకడుండేవాడు. తెలివైనవాడే, స్పెల్లింగ్ మాత్రం రాదు. మీ సైకాలజీ వీడికేమైనా పనికొస్తుందా అని ఆ ప్రొఫెసర్‌ని అడిగింది. ఆయన జర్మనీలో వుంట్ అనే పేరున్న సైకాలజిస్ట్ దగ్గర చదువుకుని వచ్చినవాడు. ప్రయోగశాలలో పరికరాలతో కొలతలు తీయడం ఆయనకి వచ్చు, ఇలాంటి పిల్లాడికి ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు. అయినా పిల్లాణ్ణి తీసుకురమ్మన్నాడు. చూస్తే ముందు తేలింది ఏమిటో తెలుసా? కంటి చూపులో దోషం. అద్దాలు పెట్టించారు. దాంతో అంతా సర్దుకోలేదు, అక్షరాల ఇబ్బంది వేరే ఉంది. దానికి విడిగా కూర్చోబెట్టి నేర్పారు. అలా మొదలైంది ప్రపంచంలో మొదటి సైకలాజికల్ క్లినిక్. 1907లో విట్మర్ దీని కోసమే పత్రిక కూడా పెట్టి, క్లినికల్ సైకాలజీ అనే పేరు పెట్టాడు.

క్లాసులో ఈ కథ చెప్పిన రోజు నాకు మన ఏసోబు గుర్తొచ్చాడురా. నీకూ గుర్తుండే ఉంటాడు. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేవాడు. తెలుగు వాచకం చేతికిస్తే చెమటలు పట్టేవి వాడికి. రోజూ అరచేతుల మీద బెత్తం దెబ్బలు. ఏడో తరగతి సగంలో రావడం మానేశాడు. ఎందుకు రావడం లేదని ఎవరూ అడగలేదు, మనమూ అడగలేదు. ఇప్పుడు బోరు మోటార్లకి వైండింగ్ చేస్తున్నాడట, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లందరూ వాడి దగ్గరికే వస్తారట. బతుకు గడిచింది, సంతోషమే. కానీ వాడు తన కూతురి ప్రోగ్రెస్ కార్డు ఇంకొకళ్ల చేత చదివించుకుంటాడని మా తమ్ముడు చెప్పినప్పుడు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సరే, మా క్లినిక్ ఎలా ఉంటుందని అడిగావు కదా. నువ్వు ఊహించుకున్నట్టు ఆసుపత్రిలా ఉండదు. క్యాంపస్ చివర ఒక బిల్డింగ్‌లో కింది అంతస్తు. ఊళ్లోవాళ్లు వస్తారు, స్టూడెంట్లూ వస్తారు. మేమింకా నేర్చుకుంటున్నవాళ్లం కాబట్టి ఫీజు బయటికంటే తక్కువ, అదీ వాళ్ల సంపాదనని బట్టి. మా ప్రతి కేసుకీ లైసెన్సు ఉన్న సైకాలజిస్ట్ ఒకరు సూపర్‌వైజరుగా బాధ్యులు. నేను రాసిన రిపోర్టు మీద మా సూపర్‌వైజరు సంతకం పడందే అది బయటికి పోదు.

గదులు చిన్నవి. రెండు కుర్చీలు, ఒక దీపం, టిష్యూ డబ్బా. గడియారం వచ్చినవాళ్ల వెనక గోడకి ఉంటుంది. వాళ్లు ఏడుస్తుంటే మనం చేతి వాచీ చూసుకోకూడదు కదా, తల తిప్పకుండానే యాభై నిమిషాలు ఎక్కడిదాకా వచ్చాయో కనిపించాలి. ప్రతి గది తలుపు బయట నేల మీద అరచేతిలో పట్టేంత గుండ్రటి మిషన్ ఒకటి ఉంటుంది. స్విచ్ వేస్తే హుష్షుమని ఒకటే మోత. మా పాత ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ చప్పుడు గుర్తుందా, అచ్చం అలాగే ఉంటుంది. ఆ మోతలో లోపలి మాటలు వరండాలోకి వినబడవు. మొదటి రోజు ఇదేదో పాడైన ఏసీ అనుకున్నాను. సంగతి తెలిశాక దాని మీద గౌరవం పుట్టింది. మన దగ్గర పెద్దాసుపత్రిలో మా నాన్నకి బాగోలేనప్పుడు, వెనక లైన్లో నిలబడ్డ పదిమంది వింటుండగా 'నిద్ర పట్టట్లేదయ్యా, బతకాలని లేదు' అని చెప్పుకోవాల్సి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతు తగ్గించడం, డాక్టరు 'గట్టిగా చెప్పండి' అనడం నాకింకా వినబడుతూనే ఉంది. ఒక తలుపు, ఒక చిన్న మిషన్ ఎంత మర్యాద ఇస్తాయో ఇక్కడికొచ్చాకే అర్థమైంది.

పిల్లలకి వేరే గది. చిన్న కుర్చీలు, బొమ్మలు, ఇసుక తొట్టి. ఒక గోడకి పెద్ద అద్దం. పిల్లలు దానిలో మొహం చూసుకుంటారు, అవతలి గదిలోంచి మా సూపర్‌వైజరు వాళ్లని చూస్తుంటుంది. అద్దానికి పల్చటి లోహపు పూత ఉంటుంది. ఇటు వెలుతురు, అటు చీకటి ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. అవతల ఎవరైనా ఫోన్ వెలిగిస్తే చాలు, ఇవతలికి నీడ కనబడిపోతుంది. అందుకే ఆ గదిలోకి ఫోన్ తీసుకెళ్లకూడదు. దొంగచాటుగా చూడ్డం కాదురా ఇది. ఎవరు చూస్తారో, ఎందుకు చూస్తారో ముందే తల్లిదండ్రులకి చెప్పి, కాగితం మీద సంతకం తీసుకుంటాం. పిల్లలకి కూడా చెబుతాం. ఒప్పుకోకపోతే అవతలి గది ఖాళీయే.

పెద్దవాళ్ల గదుల్లో కెమెరాలు ఉంటాయి. ఇది కొత్తదేం కాదు, 1940ల మొదట్లోనే కార్ల్ రోజర్స్ అనే సైకాలజిస్ట్ ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఈ సంభాషణల్ని గ్రామఫోన్ రికార్డుల మీదకి ఎక్కించాడు. లోపల ఏం జరిగిందో డాక్టరు చెప్పిందే వేదం అయితే నేర్చుకునేవాడికి దారేది? నా వీడియో మొదటిసారి సూపర్‌వైజరుతో కూర్చుని చూసినప్పుడు ఆవిడ ఒకచోట ఆపింది. వచ్చినావిడ ఏదో చెప్పి ఆగింది. మూడు సెకన్లు కూడా కాలేదు, నేను మాట అందుకున్నాను. 'ఇక్కడ ఆవిడ ఇంకేదో చెప్పబోయింది, చూడు ఆ పెదాలు' అంది సూపర్‌వైజరు. వెనక్కి తిప్పి చూస్తే నిజమే. పెదాలు విడివడ్డాయి, నా గొంతు వినబడగానే మూసుకున్నాయి. ఆ మూడు సెకన్ల కోసం అరగంట మాట్లాడుకున్నాం. తర్వాత వారం నోరు మూసుకుని ఆగాను. ఆవిడ చెప్పింది. ఏం చెప్పిందో నీకు చెప్పను, అది ఆవిడ సొంతం.

ఇంకో చోటు నాకు బాగా ఇష్టం, పరీక్షల గది. గోడంతా తాళం వేసిన బీరువాలు. ఏ పెట్టె ఎవరు తీశారో రిజిస్టర్‌లో రాయాలి. ఒకదానిలో తొమ్మిది ఘనాలు ఉంటాయి, కొన్ని ముఖాలు ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని సగం సగం. కార్డు మీది డిజైన్ చూసి పేర్చాలి, మేం స్టాప్‌వాచ్ పట్టుకుంటాం. ఏ డిజైన్లో మాత్రం చెప్పను, బయటికి పొక్కితే పరీక్షే పాడవుతుంది. అసలు పిల్లల ముందు కూర్చునే ముందు ఒకరికొకరం పెట్టుకుని నెలల తరబడి సాధన చేశాం. పిల్లాడు ఘనాన్ని ఏ చేత్తో తీశాడు, తప్పు తనే కనిపెట్టి సరిచేసుకున్నాడా, విసుగొస్తే ఏం చేశాడు, ఇవన్నీ రాసుకోవాలి. చివర్న వచ్చే అంకె కంటే పక్కన రాసుకున్న ఈ గీతలే ఎక్కువ చెబుతాయని నా నమ్మకం.

అన్నట్టు, ఇక్కడి పరీక్షని ఇంటర్నెట్‌లో ఎక్కడో పట్టుకుని మీ పిల్లాడికి పెట్టకు. వాటి లెక్కలు అమెరికాలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్ని చూసి కట్టినవి. పల్నాడులో తెలుగు మీడియం పిల్లాడికి ఆ అంకె తగిలిస్తే అన్యాయం. మన దేశపు పిల్లల కోసం మార్చినవి వేరే ఉన్నాయి, బినే-కామత్ తెలివితేటల పరీక్ష లాంటివి. చదువులో ప్రత్యేకంగా ఎక్కడ ఇబ్బందో చూడటానికి బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు తయారుచేసింది ఉంది. అవి పెట్టడానికి శిక్షణ ఉన్న మనిషి కావాలి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. ముందు వాడి కళ్లు, చెవులు చూపించు. విట్మర్ పిల్లాడి సంగతి అందుకే అంత పొడుగ్గా చెప్పాను. చెవి అంటే నిర్లక్ష్యం చెయ్యకు, ఒత్తు వినబడనివాడు ఒత్తు ఎలా రాస్తాడు? తర్వాత మీ మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రం టీచరు ఉంటారు, వాళ్లతో మాట్లాడు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని జిల్లా కేంద్రాలకి పంపే ఏర్పాటు ఉంది, బడికొచ్చే ఆరోగ్య బృందాన్ని అడుగు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అని, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, 1984 నుంచి నడుస్తోంది. అక్కడా మాలాంటి స్టూడెంట్లు సీనియర్ల చేతికింద పిల్లల్ని చూస్తూ నేర్చుకుంటారు. దూరమే, కానీ అవసరమైతే వాళ్ల నాన్నని ఒప్పించి తీసుకెళ్లు, ఛార్జీలు నేను పంపుతాను. మొహమాటపడకు.

ఇంకొకటి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చదవడం, రాయడంలో వచ్చే ఈ రకం ఇబ్బందిని కూడా చేర్చారు. అలాంటి పిల్లలకి పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు లాంటివి ఇవ్వాలని 17వ సెక్షన్‌లో ఉంది. వాడికి అదే ఇబ్బంది అని తేలితే మీ హెచ్.ఎం. గారి ముందు ఈ సెక్షన్ ఉన్న కాగితం పెట్టు. పెద్దాయన గట్టివాడని నువ్వే అన్నావు, చట్టం చూపిస్తే వింటాడు.

ఈలోపు వాణ్ణి అందరి ముందూ చదవమని నిలబెట్టొద్దు. సోషల్, సైన్స్ నోటితో అడుగు, మార్కులు వెయ్యి. పదాన్ని ముక్కలు చేసి చెప్పు, పుస్, తకం, అని. ఒత్తు అక్షరాన్ని ఇసుకలో వేలితో పెద్దగా దిద్దించు. రోజుకి పది నిమిషాలు చాలు, మధ్యాహ్నం భోజనాలయ్యాక నీ టేబుల్ దగ్గర.

వాడి డిక్టేషన్ పేజీలు ఒక పది ఫోటో తీసి పంపు. మంచిరోజు రాసినవి, చెడ్డరోజు రాసినవి రెండూ కావాలి. దిద్దకుండా పంపు, నీ ఎర్రసిరా పడితే వాడి తప్పు నాకు కనబడదు. వాడి అమ్మానాన్నల్ని అడిగి పంపు. పేరు ఉన్నచోట వేలు అడ్డం పెట్టు, నాకు వాడి పేరు అక్కర్లేదు.

నీ,
మూర్తి