బుజ్జికి, రైలు టికెట్ల గురించి

బరంపురం

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నాన్నమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, నూనె రాయించుకోవడం, ఆ నూనెనే తిట్టుకోవడం మామూలే.

దసరాకు వచ్చినప్పుడు నీ బ్యాగు సర్దుతుంటే టికెట్టు కాగితం మీ అమ్మ కంటపడింది. ప్రీమియం తత్కాల్, థర్డ్ ఏసీ. ఆ అంకె చూసి "ఈ డబ్బుకి ఒక పట్టుచీర వచ్చేది కదండీ" అంది. చీరల కొట్లో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, నాకూ గుండె కలుక్కుమంది. పండగపూట ఎందుకులే అని అప్పుడు ఏమీ అనలేదు. ఫోన్‌లో చెబుదామంటే "సరే నాన్నా, సరే నాన్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

2025లో రైలు చార్జీలు రెండుసార్లు పెంచారు, జూలైలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. డిసెంబరులో మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళకు కిలోమీటరుకు రెండు పైసలు పెరిగింది. సికింద్రాబాద్ నుంచి మన ఊరు వెయ్యి కిలోమీటర్లకి కాస్త తక్కువ. అంటే ఇరవై రూపాయల లోపే. ఆ ఇరవై కోసం మన వీధి అరుగు మీద వారం రోజులు చర్చ నడిచింది. నువ్వు తొందరలో కట్టిన డబ్బు ముందు అదెంత? మామూలు తత్కాల్‌కి ఒక హద్దుంది. స్లీపర్‌కి అదనంగా 100 నుంచి 200, థర్డ్ ఏసీకి 300 నుంచి 400, అంతే. ప్రీమియం తత్కాల్‌కి అలాంటి హద్దు లేదు, బెర్తులు నిండేకొద్దీ రేటు పైకి పోతుంది. పైగా కన్ఫర్మ్ అయిన తత్కాల్ నువ్వు రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. 2024 అక్టోబరు దాకా 120 రోజులుండేది. పొద్దున్న ఎనిమిదింటికి తెరుస్తారు. నువ్వు లేచేది తొమ్మిదింటికని తెలుసు. ఆ ఒక్కరోజు లే.

సికింద్రాబాద్ నుంచి వచ్చేటప్పుడు నీకు బాధ లేదు. ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్ అక్కడే బయల్దేరతాయి కాబట్టి కోటా ఎక్కువ. తిరిగి వెళ్ళేటప్పుడే చిక్కు. హౌరా నుంచి వచ్చే బండిలో మధ్యలో ఉన్న మన ఊరికి దక్కేవి కాసిని బెర్తులు. వెయిటింగ్ లిస్టులో పీక్యూడబ్ల్యూఎల్ అని కనిపిస్తే ఆశ పెట్టుకోకు, అది మధ్య స్టేషన్లన్నీ పంచుకునే కోటా, మెల్లగా కదులుతుంది. విశాఖ ఎక్స్‌ప్రెస్ భువనేశ్వర్‌లో మొదలవుతుంది. టికెట్టు భువనేశ్వర్ నుంచి తీసుకుని, ఎక్కే స్టేషన్ మాత్రం మన ఊరని బుక్ చేసేటప్పుడే పెట్టు. కొద్దిగా ఎక్కువవుతుంది, అయినా తత్కాల్ కంటే నయం.

బండి నంబరు కూడా చూస్తూ ఉండు. 12, 20, 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్. స్లీపర్‌కి 30, థర్డ్ ఏసీకి 45 అదనం. ఫలక్‌నుమా 12703, దానికి కట్టాలి. విశాఖ ఎక్స్‌ప్రెస్ 17తో, ఈస్ట్‌కోస్ట్ 18తో, కోణార్క్ 11తో మొదలవుతాయి, వాటికి అక్కర్లేదు. సున్నాతో మొదలయ్యేవి పండగ స్పెషళ్ళు. వాటిలో చాలావాటికి మామూలు చార్జీ మీద అదనం వేస్తారు. "స్పెషల్" అనే మాటకి మురిసిపోకు, ఆలస్యం కూడా అవే ఎక్కువ.

అసలు నేను చెప్పాలనుకున్న సంగతి ఇది. మన కొట్లో బట్ట గజాల్లెక్కన కొంటే ఒక రేటు, తాను మొత్తం తీసుకుంటే గజం రేటు తగ్గుతుంది. రైలూ అంతే. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు రేటు తగ్గుతుంది. నువ్వు కిందటేడు విశాఖలో నీ ఫ్రెండ్ దగ్గర దిగుతానని, సికింద్రాబాద్ నుంచి విశాఖకి ఒక టికెట్టు, విశాఖ నుంచి ఇక్కడికి ఇంకోటి తీసుకున్నావు. తాను చింపి ముక్కలు కొన్నట్టయింది. రిజర్వేషన్ చార్జీ రెండుసార్లు, సూపర్‌ఫాస్ట్ చార్జీ రెండుసార్లు. అక్కడికి చేరాక మిగతా చార్జీ కూడా మళ్ళీ మొదటి కిలోమీటరు నుంచే లెక్క.

మధ్యలో దిగాలంటే దానికి ఒక దారి ఉంది, బ్రేక్ జర్నీ అంటారు. టికెట్టు 500 కిలోమీటర్లు దాటినదైతే ఒకచోట, వెయ్యి దాటితే రెండు చోట్ల దిగి ఉండొచ్చు. దిగిన రోజు, ఎక్కే రోజు కాకుండా రెండు రోజుల వరకు. రాజధాని, శతాబ్ది లాంటి బళ్ళకి ఇది లేదు. కౌంటర్‌లో ఫారం మీద ముందే రాసి ఇస్తే, రెండు బళ్ళలో బెర్తులు వేసి ఒకే టికెట్టు ఇస్తారు. చార్జీ మొత్తం దూరానికి ఒకటే. ఇందులో ఒక మెలిక ఉంది. అది తెలియకే నేను బోల్తాపడ్డాను.

నీకు గుర్తుందో లేదో, నువ్వు మూడో క్లాసులో ఉండగా మనం ముగ్గురం హైదరాబాద్ బయల్దేరాం. అన్నవరం వచ్చేసరికి మీ అమ్మ "స్వామి పిలుస్తున్నాడండీ" అంది. ఐదువందలు దాటిన టికెట్టు చేతిలో ఉంది కదా అని నేను ధీమాగా దింపేశాను. దర్శనం అయింది, ప్రసాదం తిన్నాం, విస్తరాకు నువ్వు నాకేశావు. సాయంత్రం ఇంకో బండెక్కాం. సామర్లకోట దాటి వచ్చాం కదా, ఇక విజయవాడే అనుకుంటుంటే టీటీఈ వచ్చాడు. టికెట్టు అటూ ఇటూ తిప్పి, "బాబూ, మీరు దిగింది ఎక్కడ?" అన్నాడు. చెప్పాను. పెన్ను చెవి మీంచి తీసి, కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఎక్కిన స్టేషన్ నుంచి ముందు 500 కిలోమీటర్లు ప్రయాణం చేశాకే మొదటి బ్రేక్. మన ఊరి నుంచి అన్నవరం నాలుగు వందలు కూడా నిండవు. దిగినచోటే ఆ టికెట్టు చచ్చిపోయిందట. అన్నవరం నుంచి చార్జీ, మనిషికి 250 జరిమానా. ఆయన తప్పేం లేదు, మర్యాదగానే మాట్లాడాడు. నేనే చదవకుండా తెలుసనుకున్నాను. హైదరాబాద్‌లో రెండు రోజులు తిరుగుదామనుకున్నవాళ్ళం ఒక్కరోజుతో సరిపెట్టుకున్నాం. చార్మినార్ దగ్గర నువ్వు గాజులు కావాలని ఏడ్చింది అందుకే.

అదే మన ఊరి నుంచి సికింద్రాబాద్ టికెట్టు మీద విజయవాడలో దిగొచ్చు, 600 దాటుతుంది. అటు నుంచి వచ్చేటప్పుడైతే విశాఖలో దిగొచ్చు, అక్కడికి 500 నిండిపోతాయి. కాబట్టి ఫ్రెండ్‌ని చూడటం వచ్చేటప్పుడు పెట్టుకో.

దగ్గర ఊళ్ళకి మాత్రం రిజర్వేషన్ జోలికి పోకు. శ్రీకాకుళం రోడ్ మనకి 200 కిలోమీటర్ల లోపే, కానీ స్లీపర్‌లో కూర్చుంటే 200 కిలోమీటర్లకీ కట్టాలి. థర్డ్ ఏసీకి అయితే 300కి. అత్త ఇంటికి వెళ్ళేటప్పుడు జనరల్ టికెట్టు తీసుకో. ఇచ్ఛాపురం, పలాస వెళ్ళడానికైతే ప్యాసింజరే మేలు. పిన్ని వాళ్ళ చంటిది నీతో వస్తానంటోంది, దానికి ఏడేళ్ళు. బెర్తు అడగకపోతే సగం చార్జీ, అడిగితే పూర్తి. నీ బెర్తులోనే పడుకోబెట్టుకుంటావో, నిద్రలో తన్నులు తింటావో నీ ఇష్టం.

ఇక రాయితీ. నాకు అరవై నిండగానే సీనియర్ సిటిజన్ టికెట్టు మీద కాశీ వెళ్ళాలని ఎన్నాళ్ళ నుంచో అనుకున్నాను. మగవాళ్ళకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకి 50 శాతం ఉండేది. 2020 మార్చిలో ఆపేశారు. నాకు అరవై వచ్చింది ఆ తర్వాత. కర్మ! టికెట్టు మీద మాత్రం ఖర్చులో సగటున 57 శాతమే మీ దగ్గర వసూలు చేస్తున్నామని అచ్చు వేస్తారు. అది చదివినప్పుడల్లా అప్పు తీసుకున్నవాడిలా తల దించుకుంటాను.

నీకున్న రాయితీ మాత్రం పోలేదు. సెలవులకి సొంతూరు వెళ్ళే విద్యార్థికి సెకండ్, స్లీపర్ క్లాసుల్లో మూల చార్జీలో సగం తగ్గింపు. ఏసీలో లేదు, తత్కాల్‌లో లేదు, ఆన్‌లైన్‌లో లేదు. కాలేజీలో ఫారం తీసుకుని, ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు వేయించి కౌంటర్‌కి వెళ్ళాలి. మూడేళ్ళ నుంచి నువ్వు దీన్ని వాడలేదని తెలిసి నాకు నిద్రపట్టలేదు. కౌంటర్‌లో అయితే సౌకర్య రుసుము కూడా ఉండదు. ఆన్‌లైన్‌లో స్లీపర్‌కి యూపీఐతో కడితే 10, కార్డుతో 15, దాని మీద పన్ను. చిన్నదే, పెద్ద పట్టింపు లేదు. కానీ ఆ వేరే యాప్‌ల్లో "ఫ్రీ క్యాన్సిలేషన్" అంటూ ముందే టిక్కు పెట్టి ఉంచుతారు చూడు, అది తీసెయ్యి.

స్లీపర్‌లో రావడానికి ఇబ్బందైతే, రాత్రిపూట భయమైతే, ఏసీలోనే రా. ఆ డబ్బు గురించి నేనెప్పుడూ అడగను. తొందరకి కట్టే డబ్బు గురించే నా గోల.

ఈసారి బుడీ ఠాకురాణి యాత్రకి నువ్వు ఉండాలని నాన్నమ్మ పట్టు. రెండేళ్ళకోసారి వచ్చేది, పోయినసారి నీ పరీక్షలకి సరిపోయింది. యాత్ర నెల రోజులు సాగుతుంది కదా, సెలవులివ్వగానే బయల్దేరితే చివరి వారానికైనా అందుకుంటావు. తేదీ తెలియగానే వెనక్కి అరవై లెక్కపెట్టు.

ఫారంలో ఊరి పేరు దగ్గర జాగ్రత్త. మనం బరంపురం అంటాం, రైల్వే వాళ్ళకి బ్రహ్మపూర్, కోడ్ బీఏఎమ్. మీ కాలేజీ ఆఫీసు గుమాస్తా అలవాటుగా బెర్హంపూర్ అని రాస్తే, పశ్చిమ బెంగాల్‌లో ఆ పేరుతో ఇంకో ఊరుంది, కౌంటర్‌లో వాదించుకోవాలి. స్టాంపు పడకముందే ఫోటో తీసి నాకు పంపు, చూస్తాను.

మీ నాన్న