బటన్ నొక్కాక ఒక గీతైనా కనపడేలా చెయ్యండి సార్

సర్టిఫికెట్ల సైటు చూసుకునే ఆఫీసరు గారికి,

నమస్కారమండీ. గుంటూరు బ్రాడీపేటలో చిన్న నెట్ సెంటర్ నాది. సైటు పేరు కావాలనే రాయట్లేదు, చదివితే మీకే తెలిసిపోద్ది.

మొన్న ఒక పెద్దాయన పాలిథిన్ కవర్లో కాగితాలన్నీ చుట్టుకుని వచ్చాడు, మనవరాలి కాలేజీ సీటు కోసం. అన్నీ నింపి, స్కాన్లు ఎక్కించి, సబ్మిట్ నొక్కా. అంతే, ఏమీ లేదు. చక్రం తిరగదు, బటన్ రంగు మారదు, స్క్రీన్ గోడలా అట్టాగే ఉంది. ఆయన నా భుజం మీంచి తొంగి చూసి "నొక్కావా అబ్బాయ్?" అన్నాడు. నొక్కానండీ అన్నా. "సరిగ్గా పడలేదేమో, ఇంకోసారి నొక్కు." నొక్కా, నాదే తప్పు. కాసేపటికి ఒకే పిల్లకి రెండు అప్లికేషన్ నంబర్లు, నా వాలెట్లోంచి రెండుసార్లు ఫీజు.

సర్వర్ స్లో అని నా గొడవ కాదు సార్, లాస్ట్ డేట్ రోజు ఏ సర్వరైనా స్లోనే. పాత సైటులో నొక్కితే పేజీ మొత్తం మళ్ళీ లోడయ్యేది, బ్రౌజరే పైన ట్యాబ్‌లో చక్రం తిప్పేది, మేం ఆగేవాళ్ళం. కొత్తది సింగిల్ పేజ్ యాప్ అంట, లోపల జావాస్క్రిప్టే (పేజీలో నడిచే ప్రోగ్రామ్) గప్‌చుప్‌గా డేటా తెచ్చుకుంటది, బ్రౌజర్‌కి పేజీ మారినట్టే తెలీదు కాబట్టి అది చక్రం తిప్పదు, మీరూ తిప్పట్లేదు. బెజవాడలో వెబ్ డెవలపర్‌గా చేసే మా బావమరిది చూసి చెప్పిన సంగతి ఇది.

దీనికి టెండర్లూ గట్రా అక్కర్లేదంట. ఎన్‌ప్రోగ్రెస్ అని 2013 నుంచీ ఉన్న చిన్న లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ ఉంది, ఫ్రీ. రిక్వెస్ట్ బయల్దేరగానే స్టార్ట్ అనాలి, జవాబు రాగానే డన్ అనాలి, పైన సన్న గీత పాక్కుంటూ పోద్ది. నిజానికి పని ఎంతయిందో ఆ గీతకీ తెలీదు, ఊరికే కొంచెం కొంచెం జరిగి చివర్లో ఆగి జవాబు కోసం చూస్తది, అబద్ధమే అనుకోండి, అయినా మనిషి ఆగుతాడు. ఎర్రర్ వచ్చినప్పుడు కూడా డన్ అనాలి, మర్చిపోతే గీత అట్టాగే వేలాడుద్ది. ఇంకోటి, గీత ఒక్కటే పెడితే చాలదు, జవాబు వచ్చేదాకా బటన్ పనిచెయ్యకుండా ఆపాలి, ఒకే అప్లికేషన్ రెండుసార్లు వస్తే సర్వర్ కూడా రెండోది తీసుకోకూడదు.

సెకను దాటితే మనిషి ఆలోచన తెగుద్ది, పది సెకన్లు దాటితే ధ్యాస పక్కకి పోద్దని, కంప్యూటర్లు జనానికి వాడుకోను వీలుగా ఎలా ఉండాలో చెప్పే యాకబ్ నీల్సన్ 1993లోనే రాశాడంట. మా వీధి చివర బజ్జీల బండాయన అదేం చదవలేదు. జనం ఎగబడితే "వాయి దిగుతోందండీ" అంటాడు, ఆ మాటకి బజ్జీలేం తొందరగా వేగవు గానీ ఒక్కడూ ప్లేటు పట్టుకుని మీద పడడు.

రెండో అప్లికేషన్ ఇవాళ్టికీ పెండింగ్ అనే చూపిస్తోంది. రెండు నంబర్లూ రాసిన చీటీ నా కౌంటర్ సొరుగులో ఉంది, మీ వాళ్ళెవరైనా అడిగితే ఇస్తా.

ఇట్లు,
బ్రాడీపేట నెట్ సెంటర్ వాడు