మాగాయ డబ్బులు వెనక్కి ఇచ్చేస్తున్నాం, జూలై 31 దాకా మాత్రం ఈ ఇంట్లోనే ఉంటాం

అందరికీ నమస్కారం అండి.

ఏప్రిల్ నెలాఖరు నుంచి మీలో చాలామంది ఫోన్ చేసి ఆవకాయ ఎప్పుడొస్తుంది, మాగాయ సంగతేంటి అని అడుగుతూనే ఉన్నారు, నేను రెండ్రోజులు అండి, రెండ్రోజులు అండి అంటూ వచ్చాను. తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదు, నేనూ నిజంగా అలాగే అనుకున్నాను. కానీ పదకొండేళ్ల నుంచి మా చేతి పచ్చడి తింటున్నవాళ్లకి, ప్రతి మేలో అమెరికాలో ఉన్న పిల్లలకి డబ్బాలు ప్యాక్ చేయించుకుని పంపేవాళ్లకి అసలు విషయం దాచడం బాగోదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

నల్లకుంటలో మేము ఉంటున్న ఈ ఇల్లు అమ్మేశారు. మాకు చెప్పకుండా అమ్మేశారు.

మీలో పాతవాళ్లకి ఇంటి తాతగారు గుర్తుండే ఉంటారు, అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లందరినీ పలకరించేవారు. కింద వాటా, వెనక వంటగది, పైన డాబా, మూడూ కలిపి మాకు అద్దెకిచ్చింది ఆయనే. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకుంటాం అంటే పెట్టుకోమ్మా అని, ఫుడ్ రిజిస్ట్రేషన్‌కి ఓనర్ ఒప్పుకున్నట్టు కాగితం కావాలంటే అదీ సంతకం పెట్టి ఇచ్చారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ తర్వాత అగ్రిమెంట్ వాళ్లబ్బాయితో రాసుకున్నాం, ఎప్పట్లాగే 11 నెలలది, ఫిబ్రవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా, నెలకి 22,000, అడ్వాన్స్ మూడు నెలలది 66,000, ఎవరు ఖాళీ చేయాలన్నా చేయించాలన్నా రెండు నెలల ముందు చెప్పాలి అని స్పష్టంగా ఉంది.

ఏప్రిల్ 5న అద్దె వేశాను. 12న ఇద్దరు మనుషులు కారులో వచ్చి గేటు దగ్గర నుంచే టేపు పెట్టి కొలవడం మొదలుపెట్టారు, ఏంటి బాబూ అంటే ఈ ఇల్లు కొన్నామండి, పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతాం, మీరు 30కల్లా ఖాళీ చేయాలి అన్నారు. ఈసీ, అంటే ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే సర్టిఫికెట్, తీయించి చూస్తే నిజమే, ఏప్రిల్ 2నే రిజిస్ట్రేషన్ అయిపోయింది. అంటే నేను అద్దె వేసే రోజుకి ఆ అబ్బాయి ఈ ఇంటికి ఓనరే కాదు, ఆ ముక్క కూడా చెప్పకుండా డబ్బులు తీసుకున్నాడు. తాతగారికి ఆఖరి రోజుల్లో రోజూ రసం, మెత్తటి అన్నం నేనే పంపేదాన్ని, అబ్బాయికి అది తెలుసు. ఒక్క ఫోన్ చేసి అక్కా అమ్మేస్తున్నాం అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఇది రాయకూడదనుకున్నాను, రాయకుండా ఉండలేకపోయాను.

అప్పటికే మామిడికాయకి నూజివీడు వైపు రైతుకి 20,000 పంపేశాం, గుంటూరు మిరపకాయలు పట్టించేశాం, పప్పునూనె డబ్బాలు దిగిపోయాయి, మీవి అరవై దాకా ఆర్డర్లు, సగం మంది డబ్బులు కూడా కట్టేశారు. పద్దెనిమిది రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి వెళ్తాం?

మన దగ్గర నెలనెలా కందిపొడి తీసుకునే లాయర్ గారు ఒకాయన ఉన్నారు, పేరు రాయొద్దన్నారు. కాగితాలన్నీ పట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. అద్దె కంట్రోల్ చట్టం ఉంది కదండీ అంటే, ఉందమ్మా, 1960 నాటిది, కానీ కార్పొరేషన్‌లో నెలకి 3,500 దాటిన అద్దెలకి అది వర్తించదు అన్నారు. నల్లకుంటలో 3,500కి ఇల్లెక్కడ దొరుకుతుంది అండి, అంటే మనలాంటి వాళ్లం దాదాపు అందరం ఆ చట్టానికి బయటే ఉన్నట్టు లెక్క. అడ్వాన్స్ రెండు నెలలకి మించకూడదు అని 2021లో కేంద్రం మోడల్ చట్టం ఒకటి ఆమోదించింది కదా అని మా ఆయన అడిగితే, అది నమూనా, రాష్ట్రం తన చట్టం చేసుకుంటేనే పనికొస్తుంది అన్నారు. ఇక మిగిలింది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అందులో 109వ సెక్షన్ నాకు చదివి వినిపించారు. ఇల్లు అమ్మినంత మాత్రాన అద్దెకున్నవాళ్ల ఒప్పందం రద్దయిపోదట, కొన్నవాళ్లు పాత ఓనర్ కుర్చీలో కూర్చుంటారు అంతే, ఆయన హక్కులు వీళ్లవే, ఆయన ఒప్పుకున్న షరతులకి కూడా వీళ్లు కట్టుబడాలి. ఇంకో మాట కూడా అందులోనే ఉంది, ఇల్లు చేతులు మారిన సంగతి మనకి తెలియక ముందు పాత ఓనర్‌కి కట్టిన అద్దె మళ్లీ కట్టక్కర్లేదు. ఇది మాకు వెంటనే పనికొచ్చింది, ఎందుకంటే కొన్నవాళ్లు ఏప్రిల్ అద్దె తమకి కట్టమని అడుగుతున్నారు. 5వ తారీఖు బ్యాంకు మెసేజ్ చూపించి కట్టను అని చెప్పాను.

అయితే లాయర్ గారు నన్ను పొగిడి పంపలేదు. మీ కాగితం స్టాంపు పేపర్ మీద రాసుకున్నదే కానీ రిజిస్టర్ చేయించలేదు కదమ్మా, కోర్టులో దాని బలం తక్కువ, వాళ్లు నెలవారీ అద్దె అని వాదిస్తే 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు చాలు అన్నారు. నోటీసు ఇచ్చినా మీరు వెళ్లకపోతే వాళ్లు కోర్టుకే వెళ్లాలి, వాళ్లంతట వాళ్లు సామాను బయట పెట్టడం, తాళం వేయడం కుదరదు, అలా చేస్తే ఆరు నెలల్లోపు కేసు వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు, కానీ కేసు పెట్టుకుంటూ పచ్చళ్లు పెడతారా అని అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ వారంలోనే కొన్నవాళ్లు మళ్లీ వచ్చి, లక్ష రూపాయలు ఇస్తాం, ఏప్రిల్ 30కి తాళాలివ్వండి అన్నారు.

ఈ లక్ష గురించి చెప్పాలి మీకు. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. మా ఆయన తీసుకుందాం అన్నారు, ఆయనది తప్పని నేను అనను. లక్ష అంటే మాకు తక్కువ కాదు, కొత్త ఇంటి అడ్వాన్స్ దాంతోనే వెళ్లిపోతుంది, ఎలాగూ ఈ ఏడాదో వచ్చే ఏడాదో వెళ్లాల్సిందే కదా, ఎందుకీ గొడవ అన్నారు. నేను లెక్కలు వేశాను. ఆవకాయ కాయ ఎవరి కోసమూ ఆగదు, టెంక గట్టిపడి పులుపు నిండుగా ఉన్నప్పుడే కొట్టాలి, మే సగం దాటితే కాయ తీపెక్కిపోతుంది. కలిపిన జాడీ మూడో రోజు తిరగకలపాలి, అప్పటిదాకా కదపకూడదు, ఒక్క చుక్క నీళ్లు తగిలితే బూజు. పద్నాలుగు జాడీలు, ఐదు పెద్దవి, ఒక్కోటి ఇద్దరు పట్టుకుంటే గానీ లేవవు. ఇవన్నీ ఎండాకాలం మధ్యలో ఎక్కడో తెలియని ఇంటికి మోసుకెళ్లి, పంపు నీళ్లు ఎలా వస్తాయో, డాబా ఉందో లేదో తెలియకుండా కాయ కొట్టడమా, లేక అరవై మందికీ ఈ ఏడాది లేదు అని చెప్పడమా? ఒకసారి తీసుకుందాం అనిపించేది, పొద్దున లేచి వెనక వంటగదిలోకి వెళ్తే వద్దు అనిపించేది. మూడో రోజు ఉదయం నిజంగా ఒప్పేసుకున్నాను, సరే కాగితం తెమ్మన్నాను.

ఆ కాగితమే నన్ను ఆపింది. నివాసానికి తీసుకున్న ఇంట్లో ఓనర్ అనుమతి లేకుండా వ్యాపారం చేశాను, నాకు ఈ ఇంటి మీద ఏ హక్కూ లేదు, అడ్వాన్స్ మొత్తం ముట్టింది, నా ఇష్టంతోనే ఖాళీ చేశాను అని టైపు చేసి తెచ్చారు. లక్షలోనే అడ్వాన్స్ 66,000 కలిపేశారన్నమాట, అంటే వాళ్లిచ్చేది 34,000. అది పోనీ అనుకుందాం. అనుమతి లేకుండా అన్న ముక్క నేను ఎలా సంతకం పెడతాను? తాతగారి సంతకం ఉన్న కాగితం నా బీరువాలో ఉంది. నా ప్రతి డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, ఈ అడ్రస్ మీద తీసుకున్నది, ఏటా డబ్బు కట్టి నిలబెట్టుకున్నది. దొంగతనంగా చేసిన పని కాదు ఇది. వచ్చిన మనిషి పచ్చళ్లమ్ముకునేవాళ్లకి ఇన్ని రూల్స్ ఎందుకమ్మా అన్నాడు. నేను కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టి గేటు వేసేశాను. అది మొండితనం అంటే మొండితనమే, మళ్లీ అదే పరిస్థితి వచ్చినా అదే చేస్తాను.

ఆ తర్వాతే డాబాకి తాళం పడింది. ఏప్రిల్ 24 పొద్దున చూస్తే పైన తలుపుకి కొత్త తాళం కప్ప. కింద మాగాయకి చెక్కు తీసి కోసిన ముక్క ముప్పై కిలోలు ఉప్పులో ఊరుతోంది, ఆ రోజే ఊట పిండి డాబా మీద ఎండకి వేయాలి. అగ్రిమెంట్‌లో డాబాతో సహా అని ఉంది. తాళం పగలగొడదాం అన్నాడు మా తమ్ముడు, లాయర్ గారు వద్దే వద్దన్నారు, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చాం, ఆయన కూడా నోటీసు పంపారు, అద్దెకిచ్చిన దాంట్లో ఏ భాగాన్నీ కోర్టు ఆర్డర్ లేకుండా మూయడానికి లేదు అని. నాలుగు రోజులకి తాళం తీశారు. అప్పటికి ముక్క మెత్తబడి వాసన వచ్చేసింది. వరండాలో, మంచాల మీద ఫ్యాన్ గాలికి ఆరబెట్టి చూశాం, మాగాయ ఫ్యాన్ గాలికి అవుతుందా అండి. ముప్పై కిలోలూ పారబోశాం. పారబోసేటప్పుడు నేను అక్కడ లేను, ఉండలేకపోయాను.

ఆవకాయ విషయంలో ఆలస్యం కూడా ఆ నాలుగు రోజుల పుణ్యమే, కాయ తెచ్చే బండిని ఆపమని నేనే చెప్పాను, ఎటూ తేలకుండా కాయ దింపుకోవడానికి ధైర్యం చాలలేదు. రైతు మాత్రం మాట నిలబెట్టుకున్నాడు, మే 3న కాయ దింపాడు, కొంచెం ముదురు కాయ, పులుపు బాగుంది. నలభై మందికి ఇప్పటికే అందింది, మిగతా వాళ్లది జాడీల్లో ఉంది, ఈ ఆదివారం నుంచి వరసగా ఇస్తాను.

ఇప్పుడు ఎక్కడ ఉన్నామంటే, లాయర్ గారు మధ్యలో కూర్చుని మాట్లాడి ఒక కాగితం రాయించారు. జూలై 31 దాకా మేము ఉంటాం, మే నుంచి అద్దె కొన్నవాళ్లకి కడతాం, తాళాలిచ్చే రోజునే 66,000 వాళ్లే మా చేతిలో పెట్టాలి. ఈ అడ్వాన్స్ దగ్గరే నాలుగు రోజులు పట్టింది. వీళ్లేమో పాత ఓనర్‌ని అడగమన్నారు, పాత ఓనర్ అబ్బాయేమో రేటులోనే సర్దేశాను, వాళ్లనే అడగండక్కా అన్నాడు, ఎవరి దగ్గరా ఒక్క అక్షరం లేదు. ఇల్లు అమ్ముతున్నారని తెలిసిన రోజే అడ్వాన్స్ ఎవరివ్వాలో రాయించుకోవాలని నాకు తెలియదు, మీలో అద్దెకి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఒక్కటి మాత్రం ముందే చేయించుకోండి. అదనంగా డబ్బులేమీ తీసుకోలేదు. డిసెంబర్ దాకా ఉండే హక్కు ఉందని పోరాడవచ్చు కదా అని మా చెల్లెలు కోప్పడింది. పోరాడవచ్చేమో, కానీ రిజిస్టర్ కాని కాగితం పట్టుకుని కోర్టు వాయిదాల మధ్య కారం కలపలేను. నాకు కావాల్సింది ఈ సీజన్ ఆవకాయ మీ ఇళ్లకి చేరడం, జాడీలు ఖాళీ అయ్యాక పరువుగా వెళ్లడం.

మాగాయకి డబ్బులు కట్టిన పందొమ్మిది మందికీ ఈ శనివారం లోపు మొత్తం వెనక్కి వేసేస్తాను, బదులుగా ఆవకాయ తీసుకోండి అని నేను అడగను, మీకు కావాలంటే మీరే చెప్పండి. పొడులు, అప్పడాలు మామూలుగానే ఉంటాయి. ఆగస్టు నుంచి డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబర్ మారుతుంది, అది అడ్రస్‌ని బట్టి ఇచ్చేది కాబట్టి కొత్త ఇంటికి కొత్తగా తీసుకోవాలి, నంబర్ మారిందని కంగారు పడకండి, చేసే చేతులు అవే.

ఇల్లు ఇంకా దొరకలేదు. విద్యానగర్, అడిక్‌మెట్, బాగ్‌లింగంపల్లి వైపు కింద వాటా ఏదైనా మీ ఎరుకలో ఉంటే చెప్పండి, అద్దె 28,000 దాకా పెట్టగలం. మధ్యాహ్నం దాకా ఎండ పడే డాబా ఉండాలి, పచ్చళ్ల పని ముందే చెప్పి ఒప్పుకున్న ఓనర్ కావాలి, ఈసారి అగ్రిమెంట్ రిజిస్టర్ చేయిస్తాం, ఖర్చు మాదే, దానికి సరే అన్నవాళ్లయితేనే. నాకు సాయంత్రం నాలుగు తర్వాత ఫోన్ చేయండి, పొద్దుటి పూట చేతులు కారంలో ఉంటాయి.