బెంగళూరు తెలుగువారి సంఘం: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, రక్తదాన శిబిరం, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. పచ్చడిలో వేపపువ్వు తక్కువైందన్న ఫిర్యాదు కూడా ఎప్పటిలాగే వచ్చింది. ఇక సాంకేతిక విభాగాన్ని నెలల తరబడి తిప్పలు పెట్టిన విషయానికి వస్తాను.

మన గ్రంథాలయ పట్టిక ప్రోగ్రామును రాత్రిపూట దానంతట అదే పరీక్షించే సాధనం మారతహళ్ళి కార్యాలయంలో ఉంది. రెండు నిమిషాల్లో ముగియని పరీక్షను అది ఆపేస్తుంది. ఎక్కడ చిక్కుకుందో చూద్దామని లాగ్ (ప్రోగ్రాము నడుస్తూ రాసే వరుసలు దాచిన ఫైలు) తెరిస్తే, సరిగ్గా కావలసిన చివరి వరుసలే ఉండేవి కావు. అదే పరీక్షను వైట్‌ఫీల్డ్ సభ్యుడొకరు ఇంట్లో టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసి ఫలితం చూసే తెరలో) నడిపితే అన్ని వరుసలూ కనిపించేవి. నెట్‌వర్క్‌ను అనుమానించాం, డిస్కును అనుమానించాం. నేనైతే పరీక్ష రాసినవారినే తప్పుబట్టాను. వారికి ఇక్కడే క్షమాపణ చెబుతున్నాను.

గుట్టు విప్పింది ఒక అక్షరం. ఒక లాగ్ చివర పుస్తకం పేరు సగంలో తెగి, ఆఖరి అక్షరం ఉండవలసిన చోట నల్లటి ప్రశ్నార్థకం గుర్తు కనిపించింది. అక్షరాలను కంప్యూటర్లో భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. కోత ఆ మూడింటి మధ్య పడిందన్నమాట. ఫైలు పరిమాణం 8192 బైట్లు. ఇంకో ఫైలుది 12288. రెండూ 4096 గుణిజాలే! సీ భాషలో రాసిన మన ప్రోగ్రాము టెర్మినల్‌కైతే వరుస పూర్తికాగానే పంపుతుంది, మన సాధనం చదివే పైపులోకైతే (ఒక ప్రోగ్రాము రాతను ఇంకోదానికి చేర్చే దారిలోకైతే) బఫర్, అంటే రాతను తాత్కాలికంగా దాచుకునే చోటు, నిండాకే వదులుతుంది. మన లినక్స్ యంత్రంలో ఆ బఫర్ 4096 బైట్లు. నిండేలోపు ప్రోగ్రామును ఆపేస్తే అందులో ఉన్నదంతా దానితోపాటే పోతుంది.

ఆపే ముందు సిగ్‌టర్మ్ (ముగించమని ప్రోగ్రాముకు చెప్పే సంకేతం) పంపి 5 సెకన్లు గడువిస్తే చాలనుకున్నాం. ఫలితం లేదు. ఆ సంకేతాన్ని అందుకునే ఏర్పాటు లేని ప్రోగ్రాము బఫర్ ఖాళీ చేయకుండానే ముగుస్తుంది. చివరికి ప్రోగ్రాము మొదట్లోనే బఫర్ తీరును మార్చే సెట్‌వీబఫ్ అనే సీ భాష ఫంక్షను పిలుపు చేర్చి, వరుసవారీగా పంపేలా చేశాం. ప్రోగ్రాము ముగియగానే చదవడం మానేసే దురలవాటు మన సాధనానికీ ఉండేది. ఇప్పుడు పైపును చివరికంటా చదివాకే ఫైలు మూస్తోంది.

పూర్తి లాగ్ వచ్చిన మొదటి రాత్రే అసలు తప్పు దొరికింది: రచయిత పేరు లేని పుస్తకం దగ్గర ప్రోగ్రాము గానుగెద్దులా తిరుగుతోంది.

లాగ్‌లు పూర్తిగా వస్తున్నాయి కాబట్టి డిస్కూ త్వరగా నిండుతోంది. 30 రోజులు దాటినవి తీసేద్దామని కోశాధికారి, అన్నీ ఉంచాలని సాంకేతిక విభాగం పట్టుబడుతున్నారు. సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి.