జో బరో కథలో మీరు వదిలేసిన సంగతి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు జో బరో గురించి ఒక ముక్క వేశారు, బెంచి మీద కూర్చున్న కుర్రాడు పట్టుదలతో దేశంలోనే నంబర్ వన్ క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి విసిరే ముఖ్య ఆటగాడు) అయిపోయాడని. బాగానే ఉంది, మా పర్లాకిమిడిలో టీకొట్టు దగ్గర నలుగురం చదువుకున్నాం కూడా. కానీ అసలు సంగతి వదిలేశారండి, అది మాలాంటి ఒడిశా-ఆంధ్రా బోర్డర్ వాళ్లకి బాగా పనికొచ్చేది, అందుకే రాస్తున్నాను.

బరో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరింది 2015లో. మొదటి ఏడాది అసలు దింపనే లేదు, తర్వాత రెండేళ్లు అప్పటి మెయిన్ క్వార్టర్‌బ్యాక్ జె.టి. బారెట్ వెనకాల బెంచి మీదే, 2017లో సీజన్ ముందు చెయ్యి విరిగింది, ఈలోగా డ్వేన్ హాస్కిన్స్ అనే ఇంకో కుర్రాడు ముందుకెళ్లిపోయాడు. ఇక 2018 మేలో మూటాముల్లె సర్దుకుని లూసియానా స్టేట్ యూనివర్సిటీకి మారిపోయాడు. మీరు ఇక్కడ "ధైర్యంగా నిర్ణయం తీసుకున్నాడు" అని ఒక్క ముక్కలో దాటేశారు. ధైర్యం సరే, అప్పట్లో కాలేజీ ఫుట్‌బాల్లో మధ్యలో యూనివర్సిటీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలని రూల్ ఉండేది కదా, మరి ఇతనెందుకు కూర్చోలేదు? మూడేళ్లకే డిగ్రీ పూర్తి చేసేశాడు కాబట్టి! డిగ్రీ అయిపోయినవాడు పైచదువుకని వేరే చోట చేరితే ఆ సీజన్ నుంచే ఆడొచ్చు, అతనికి ఆడుకోడానికి ఇంకా రెండేళ్లు మిగిలే ఉన్నాయి కూడా.

ఆ రెండేళ్లలో మొదటిది మామూలుగానే గడిచింది, 16 టచ్‌డౌన్ పాసులు (అంటే నేరుగా స్కోరు తెచ్చిపెట్టే పాసులు) అంతే. రెండోది 2019, అబ్బో, 60 టచ్‌డౌన్ పాసులు, పాసులతో 5,671 గజాలు, అవతలివాళ్ల చేతికి చిక్కినవి ఆరంటే ఆరు. ఆట తెలియనివాళ్లకి చెప్తున్నా, క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి ముందు అతని చేతికే వస్తుంది, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి, ఈలోగా ఒక్కొక్కడు నూటపాతిక కిలోల పైనుండే మనుషులు మీదపడి కుమ్మడానికి వచ్చేస్తుంటారు, అలాంటి చోట నూటికి 76 పాసులు సరిగ్గా చేరాయంటే మాటలు కాదు. సెమీఫైనల్లో ఓక్లహోమా మీద హాఫ్‌టైమ్‌కే ఏడు టచ్‌డౌన్ పాసులు వేశాడు. 2020 జనవరి 13న ఫైనల్లో క్లెమ్సన్ మీద 42-25, సీజన్ మొత్తం 15కి 15 గెలుపులు, ఏప్రిల్లో ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో అందరికంటే ముందు ఇతన్నే సిన్సినాటి బెంగాల్స్ జట్టు తీసుకుంది. అన్నట్టు ఒకే సీజన్లో ఆ 60 టచ్‌డౌన్ పాసుల రికార్డు ఇంకా బరో పేరిటే ఉందని రాశారు, 2021లోనే బెయిలీ జాపీ అనే ఇంకో కాలేజీ క్వార్టర్‌బ్యాక్ 62 కొట్టి దాటేశాడు, అతనూ కాలేజీ మారి వచ్చినవాడే.

ఇప్పుడు మా గోల. మా మేనల్లుడు వాలీబాల్ ఆడతాడు, ప్లస్ టూ దాకా ఇక్కడ చదివి డిగ్రీకి శ్రీకాకుళం వైపు వెళ్లాడు. ఇక్కడున్నన్నాళ్లూ తెలుగోడు, అక్కడికెళ్తే ఒడిశా వాడు, ఆంధ్రాలో సీట్ల లెక్కల్లో నాన్ లోకల్. మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం తిరగని కౌంటర్ లేదు, తీరా అది కాలేజీ టీమ్ సెలక్షన్లు అయిపోయాక చేతికొచ్చింది. అందులో ఇంటిపేరు ఒడియాలో పలికినట్టు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, దాన్ని సరిచేయించుకోడానికి మళ్లీ అఫిడవిట్టు. ఆ ఏడాది గుంటడు గ్రౌండ్ బయట బ్యాగులు కాస్తూ కూర్చున్నాడు. పట్టుదల లేక కాదండీ, పొద్దున్నే ఐదింటికి లేచి ప్రాక్టీసుకి వెళ్లేవాడు.

అమెరికాలో యూనివర్సిటీ మారితే ఏడాది కూర్చోవాలన్న ఆ రూల్‌ని తర్వాత సడలించేశారు. 2021లో ఎవరైనా ఒకసారి మారి వెంటనే ఆడొచ్చన్నారు, 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లైనా మారొచ్చన్నారు. ఇప్పుడేమో ఏటా కుర్రాళ్లు డబ్బులకోసం కాలేజీలు మారుతున్నారని అక్కడివాళ్లే తిట్టుకుంటున్నారు, నాకూ అది అతిగానే అనిపిస్తుంది. మేం అంత అడగట్లేదు, రాష్ట్రం దాటి చేరినవాడి కాగితాలు సెలక్షన్ల లోపు ఇచ్చేస్తే చాలు, ఆలస్యమైతే పాత కాలేజీ మార్కుల లిస్టు చూసి ముందు ఆడనిచ్చి తర్వాత సర్టిఫికెట్ తీసుకోండి అంతే.

ఇంకోటి కూడా వదిలేశారు. 2019 డిసెంబర్లో, కాలేజీ ఫుట్‌బాల్లో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తీసుకుంటూ బరో తను పెరిగిన ఆగ్నేయ ఒహాయో గురించి మాట్లాడాడు, అది చాలా పేద ప్రాంతం, బడి నుంచి ఇంటికెళ్తే తినడానికి పెద్దగా ఏమీ ఉండని పిల్లలున్నారని అన్నాడు. అది విని జనం అక్కడి ఆహార కేంద్రానికి నాలుగు లక్షల డాలర్లకు పైనే పంపించారు. మా గజపతి జిల్లా కొండల్లోంచి హాస్టళ్లకొచ్చే సవర పిల్లల్ని చూసినవాళ్లకి ఆ మాట వేరే చెప్పక్కర్లేదు, రెండు కాలమ్‌ల వార్తలో దానికి రెండు లైన్లు దొరకలేదా మీకు?

అడ్మిషన్ల సీజన్ వస్తోంది. అంతకంటే ముందు మీ శ్రీకాకుళం రిపోర్టర్‌ని ఒకసారి పాతపట్నం దాటించి ఇటు పంపండి, గజపతి, రాయగడ జిల్లాల నుంచి ఆంధ్రా కాలేజీలకి వెళ్లిన ఆటగాళ్లలో ఎంతమంది సర్టిఫికెట్ల దగ్గర ఆగిపోయారో కనుక్కుని రాయమనండి. కాగితాలు, తేదీలతో సహా మేం చూపిస్తాం.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా