మూసేసిన గని భూమిపై కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

మా ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచి తవ్వే) బొగ్గు గని మూతపడింది. ఆ భూమిలో గోదాములు, సోలార్ ప్లాంటు వస్తాయని విని సంతోషించాం. కానీ వాన పడితే ఓబీ గుట్ట (బొగ్గు కోసం తవ్వి పోసిన మట్టి, రాళ్ల కుప్ప) నుంచి మట్టి కొట్టుకొచ్చి, నాటిన నారు మీద మేట వేస్తోంది. నీళ్లు నిండిన గొయ్యి చుట్టూ కంచె లేదు. పిల్లలు పశువులను అటు తోలుకెళ్తే తల్లులకు ఒకటే టెన్షన్. మా అర్జీలకు జవాబు రాలేదు కాబట్టే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

గని మూసివేత ఖర్చుకు సంస్థలు ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే వాడేలా విడిగా ఉంచే ఖాతాలో) డబ్బు జమ చేయాలని కేంద్ర బొగ్గు శాఖ 2009లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ డబ్బు ఉన్నది ఇందుకే కదా! ముందు గుట్ట చుట్టూ కట్టలు, కాలువలు కట్టించి, గొయ్యికి కంచె వేయించండి. ఆ తర్వాతే లీజులివ్వండి. భూములిచ్చిన కుటుంబాలకే అక్కడి ఉద్యోగాల్లో మొదటి అవకాశమని గ్రామసభలో రాతపూర్వకంగా హామీ ఇవ్వండి.

ఇట్లు,
ఒక నిర్వాసిత రైతు