ఇంటి చదువుపై ఒక్క స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో పిల్లలను ఇంటి దగ్గరే చదివించుకుంటున్న కుటుంబాలకు కాగితాల పనిలో సాయపడేవాళ్లం రాస్తున్న లేఖ ఇది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువు ప్రస్తావనే లేదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ అంటుంది. చేర్పించకపోతే ఏం శిక్షో మాత్రం చెప్పదు. దాంతో ఒక్కో మండలంలో ఒక్కో మాట వినిపిస్తోంది.

టీసీ తీసుకున్నాక పాత బడి, దేశంలోని బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్ ప్లస్‌లో పిల్ల పేరును డ్రాప్ బాక్స్‌లోకి, అంటే ఏ బడిలోనూ లేనివాళ్ల జాబితాలోకి మారుస్తుంది. మరో బడి తీసుకునేదాకా ఆ పేరు అక్కడే ఉంటుంది. రోజూ ఇంట్లో చదువుకునే పిల్ల లెక్కల్లో బడి మానేసిన పిల్ల అవుతుంది. ఇంటి చదువుకు ఒక విడి గడి పెట్టించండి.

ఇంటి చదువు అంటే బడి మాన్పించడమేనేమో అన్న అధికారుల అనుమానం అన్యాయమని మేం అనం. కోసిగి, ఆదోని వైపు కుటుంబాలు సుగ్గికి, అంటే పంట పనుల వలసకు, గుంటూరు మిరప చేలకు పోతే పిల్లల చదువు ఆగిపోతుంది. ఆ పిల్లలను వెతికి బడికి తేవాల్సిందే. ఇంటి చదువు పేరు చెప్పి పిల్లను పనికి పంపినా, ఈడు రాకముందే పెళ్లి చేసినా అది ఘోరం. అందుకే తనిఖీ ఉండాలనే కోరుతున్నాం. ఏడాదికోసారి మండల విద్యాధికారి (ఎంఈఓ) గారో, దగ్గరి బడి హెచ్‌ఎం గారో పిల్లను కూర్చోబెట్టుకుని చదివించి, రాయించి, లెక్కలు చేయించి, చూసింది కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. తల్లిదండ్రుల దరఖాస్తుకు రసీదు ఇవ్వాలి. బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు మేం అడగడం లేదు.

మళ్లీ బడికి వస్తామంటే టీసీ లేదని తిప్పి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షన్, వయసు పత్రం లేదని కాదనకూడదని 14వ సెక్షన్, ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలని 15వ సెక్షన్ చెబుతూనే ఉన్నాయి. హెచ్‌ఎంలకు ఇది రాతపూర్వకంగా గుర్తుచేయండి.

పదో తరగతికి ఓపెన్ స్కూల్ దారి ఉంది. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠంలోనైనా, జాతీయ ఓపెన్ స్కూల్ అయిన ఎన్‌ఐఓఎస్‌లోనైనా 14 ఏళ్లు నిండాలి, ఇంటర్‌కు 15. అంతకన్నా చిన్నవాళ్లకు ఎన్‌ఐఓఎస్‌లో 3, 5, 8 తరగతులకు సమానమైన ఏ, బి, సి స్థాయిలున్నాయి. చాలామంది ఆగిపోయేది జనన ధ్రువపత్రం దగ్గర. అందులో పిల్ల పేరే ఉండదు, లేదా ఆధార్‌లో పూర్తిగా ఉన్న ఇంటిపేరు ఇక్కడ ఒక్క అక్షరమే ఉంటుంది. పుట్టిన ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుము కట్టాలి. పరీక్ష ఫీజు గడువు ముంచుకొచ్చాక పరుగెత్తితే ఒక ఏడాది పోతుంది. గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది చేత పదేళ్లు దాటిన ప్రతి పిల్ల పత్రం ముందే చూపించండి.

జూన్‌లో బడులు తెరవకముందే ఈ ఉత్తర్వు ఎంఈఓలందరికీ చేరేలా చూడండి. ముసాయిదా రాసివ్వడానికి మేం సిద్ధం.

ఇట్లు,
మూడు జిల్లాల ఇంటి చదువు కుటుంబాల తరఫున